ఒక్క పూటలో బోన్సాయ్ తయారు కాదు

జునిపర్ మొక్క చచ్చిపోయాక కూడా నెల, రెండు నెలల దాకా పచ్చగానే కనిపిస్తుంది. తులసికి ఎండాకాలం ఒక పూట నీళ్లు తప్పితే మధ్యాహ్నానికల్లా తల వాల్చేస్తుంది, పోస్తే సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. జునిపర్ అలాంటి కబురేదీ చెప్పదు. వేరు కుళ్లి పైకి నీరెక్కడం ఆగిపోయినా, ఆకు మీదుండే మైనపు పూత లోపలి తడిని తొందరగా పోనివ్వదు కాబట్టి రంగు అలాగే నిలబడుతుంది. ఇంట్లోవాళ్లు రోజూ నీళ్లు పోస్తూనే ఉంటారు. ఏదో ఒకరోజు చెయ్యి తగిలితే ఆకు పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు "నిన్నటిదాకా బాగానే ఉంది అంకుల్" అంటూ నా దగ్గరికి పట్టుకొస్తారు. బెరడును గోటితో గీరి చూస్తే పచ్చి పొర ఉండదు, ఎండు చెక్క రంగు కనిపిస్తుంది. దాని ప్రాణం పోయి చాలా రోజులైందని చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే తెచ్చినవాళ్లు దాన్ని గాలికొదిలేసినవాళ్లు కాదు.

అలా వచ్చే మొక్కల చరిత్ర దాదాపు ఒకటే. ఏదో బోన్సాయ్ వర్క్‌షాప్‌లో రెండు మూడు గంటలు కూర్చోబెట్టి, నర్సరీ సంచిలోని లేత జునిపర్‌ను చేతికిస్తారు. సగం కొమ్మలు కత్తిరించమంటారు. మిగిలిన కొమ్మలకు అల్యూమినియం తీగ చుట్టి వంచమంటారు. వేరుముద్దను సగానికి కోసి, రెండంగుళాల లోతు లేని పింగాణీ కుండీలో దాన్ని కూర్చోబెట్టి, పైన నాలుగు ఎరువు గుళికలు చల్లి, ఫొటో తీసి ఇంటికి పంపిస్తారు. వర్క్‌షాప్‌కు వెళ్లనివాళ్లకు ఇదే వస్తువు గృహప్రవేశానికో, పుట్టినరోజుకో కానుకగా వస్తుంది. మట్టి చెదరకుండా పైన గులకరాళ్లను జిగురుతో అంటించిన కుండీలు కూడా చూశాను. ఆ రాళ్ల పలక మీద పోసిన నీరు పక్కలకు జారిపోతుంది, వేరుకు అందదు.

నా మాట సూటిగా చెబుతాను. లేత జునిపర్‌కు కుండీ మార్పు కావాలి, ఎరువు కావాలి, తీగ కావాలి. కానీ మూడూ ఒకే రోజు చేయడం తప్పు. అలా చేయొచ్చని డబ్బు తీసుకుని నేర్పడం ఇంకా పెద్ద తప్పు. వేరు పని ఒక ఏడాది, తీగ పని మరో ఏడాది, ఆ రెండింటి మధ్య కడుపునిండా తిండి. బోన్సాయ్ కుండీ వీటన్నిటి తర్వాత సంగతి.

హనుమకొండలో నాది మోటార్ రివైండింగ్ షాపు. బావి మోటార్లు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వోల్టేజీ సరిగా రాక కాలిపోతే కాయిళ్లు ఊడదీసి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. షాపు మీది డాబాపైన జునిపర్లు, ఒక పైన్, కొన్ని సరుగుడు మొక్కలు పెంచుతున్నాను. రాగి తీగ గురించి నాకు చదువు లేకపోయినా చేతికి తెలుసు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ జాతి గురించి రెండు ముక్కలు. జునిపర్ శంఖాకార వృక్షం, ఈ రకం మనకు కొత్తేమీ కాదు. చదువు బాగా వస్తుందని చిన్నప్పుడు పుస్తకాల మధ్య దాచుకున్న విద్య ఆకు తూజా చెట్టుది, అది ఈ కుటుంబానికి చెందినదే. సరుగుడును చూసి చాలామంది అదీ ఇదే జాతి అనుకుంటారు, కాదు. సరుగుడు పూలు పూసే చెట్టు, దాని సూదులు ఆకులు కావు, కణుపులున్న సన్నటి రెమ్మలు. ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. సరుగుడు ముదురు కొమ్మను నరికినా చిగురు తోసుకొస్తుంది. జునిపర్ కొమ్మ మీద ఆకంతా తీసేస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించదు, ఎండిపోతుంది. మర్రి, రావి, జువ్వి మీద నేర్చుకున్న కత్తెర చెయ్యి జునిపర్ మీద పనికిరాదు. ప్రతి కొమ్మ చివరా పచ్చదనం మిగలాలి.

ఇక వేరు. గోదావరి జిల్లాల నర్సరీల నుంచి వచ్చే మొక్కకు వేరు చుట్టూ బంకమన్ను ముద్ద ఉంటుంది. లారీలో వందల కిలోమీటర్లు కుదుపులకు ఓర్చి రావాలంటే అలా ఉండాల్సిందే, అందులో నర్సరీవాళ్ల తప్పు లేదు. మన దగ్గరికి వచ్చాకే చిక్కు. సంచి చించి చూడండి. అంచుల చుట్టూ వేర్లు గుండ్రంగా తిరిగి ఉంటాయి, నడిమధ్య మట్టి రాయైపోయి ఉంటుంది. నీళ్లు పోస్తే బయటి పొర తడుస్తుంది, లోపలి ముద్ద పొడిగా మిగులుతుంది. వానాకాలంలో అదే ముద్ద నీరు పట్టుకుని వారాల తరబడి ఆరదు. జునిపర్‌కు ఈ రెండూ గిట్టవు. అందుకే మొదటి ఏడాది పని వేరు దగ్గరే మొదలుపెట్టాలి.

మొదలుపెట్టాలన్నానే గానీ మట్టంతా కడిగేయమనలేదు. నేను ముద్దను నిలువునా రెండు సగాలుగా అనుకుని, ఒక సగం మట్టిని మాత్రమే వెదురు పుల్లతో మెల్లగా దులుపుతాను. మొదలు దగ్గర నుంచి బయటికి, వేరు పోయిన దారినే పుల్ల కదలాలి. అడ్డంగా లాగితే పీచు వేర్లు తెగుతాయి. గుండ్రంగా తిరిగిన పొడుగు వేర్లను కత్తిరిస్తాను. రెండో సగాన్ని ముట్టుకోను, దాని వంతు రెండేళ్ల తర్వాత. మొత్తం మీద మూడో వంతుకు మించి వేరు పోకూడదు. పైన్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. దాని వేర్ల చుట్టూ తెల్లటి బూజు పోగులు అల్లుకుని ఉంటాయి. తెగులేమోనని భయపడి దాన్ని శుభ్రంగా కడిగేసేవాళ్లున్నారు. ఆ బూజు వేరుకు నీటినీ పోషకాలనూ అందిస్తుంది. పాత మట్టి కొంత ఉంచితే అది కొత్త మట్టిలోకీ పాకుతుంది.

కొత్త మట్టి అంటే నిజానికి మట్టే కాదు. జపాన్‌లో అకడామా అనే కాల్చని గట్టి బంకమట్టి గుళికలు వాడతారు, చాలాచోట్ల దానికి ప్యూమిస్, లావా రాయి కలుపుతారు. అవి దిగుమతి సరుకు, ధర భరించలేం. నేను బాగా కాలిన పాత ఇటుకను కొట్టి జల్లిస్తాను. ఇసుక జల్లెడ మీద నిలిచింది వద్దు, సన్న జల్లెడలోంచి జారిన దుమ్ము అసలే వద్దు. మధ్యలో మిగిలేది ఇంచుమించు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పలుకు. రెండు పాళ్లు ఇటుక పలుకు, ఒక పాలు కడిగిన బొగ్గు చిట్టెం, ఒక పాలులో సగం మాగిన ఆకు ఎరువు. పలుకుల మధ్య గాలి ఉంటుంది, ఆ గాలిలోకే కొత్త వేరు దూరుతుంది.

లోతు తక్కువ కుండీలో నీరు తొందరగా ఆరిపోతుందని అందరూ అనుకుంటారు. అక్కడే మొక్కలు పోతున్నాయి. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో నానబెట్టి అడ్డంగా, పలకగా పట్టుకోండి. కారాల్సింది కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి, కింది నుంచి మళ్లీ నీరు కారుతుంది. స్పాంజి అదే, ఎత్తు మారింది అంతే. మట్టి కూడా అడుగున కొంత ఎత్తు మేర నీటిని వదలకుండా పట్టుకుంటుంది. కుండీ ఎంత లోతున్నా ఆ తడి పొర ఎత్తు ఒకటే. ఎనిమిదంగుళాల కుండీలో అది అడుగున ఎక్కడో ఉంటుంది. రెండంగుళాల కుండీలో వేరంతా ఆ తడిలోనే మునిగి ఉంటుంది. పైగా ఆ చిన్న కుండీలో బంకమన్ను ముద్ద కూడా ఉందంటే వానాకాలం దాటడం కష్టం. అందుకే లేత మొక్కకు పింగాణీ పళ్లెం వద్దు. మట్టి కుండీ, లేదా పక్కల చిల్లులున్న ప్లాస్టిక్ బుట్ట చాలు. దాని మొదలు లావెక్కేది కూడా అందులోనే.

కుండీ మార్చడానికి మన దగ్గర మంచి కాలం సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపు. అప్పటికి చలి కొన తగ్గి చెట్టు కదలడం మొదలుపెడుతుంది, ఎండలు ముదిరేలోగా కొత్త వేర్లు అల్లుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండలో వేరు కోస్తే చెట్టు కోలుకోదు. మార్చాక మొక్కను అడుగు చిల్లుల్లోంచి తీగ దూర్చి కుండీకి బిగించి కట్టాలి. చాలామంది ఈ ఒక్క పని వదిలేస్తారు. గాలికి మొక్క ఊగినప్పుడల్లా కొత్తగా పుట్టిన తెల్లటి వేరు కొనలు తెగిపోతూ ఉంటాయి. నీళ్లు అడుగున తేటగా కారేదాకా పోసి, మూడు నాలుగు వారాలు గాలి కొట్టని నీడలో ఉంచాలి. ఆ ఏడాది పైన కత్తెర పెట్టకూడదు. కొమ్మ చివర్లలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగి కొత్త వేరును పుట్టిస్తుంది. కిందా పైనా ఒకేసారి కోస్తే కొత్త వేరు పుట్టించమని చెప్పేది కూడా ఉండదు.

ఎరువు మాటకొస్తే, బోన్సాయ్ అంటే తిండి పెట్టకుండా చెట్టును మాడ్చి చిన్నగా ఉంచడమని ఒక అపోహ ఊళ్లో గట్టిగా ఉంది. చిన్నగా ఉంచేది కత్తెర, కుండీ. ఆకలి కాదు. కుండీలోని ఇటుక పలుకులో పోషకం ఏమీ ఉండదు, మనం పెట్టిందే దానికి తిండి. ముఖ్యంగా లేత చెట్టుకు బాగా పెట్టాలి. మొదలు లావెక్కాలంటే పైన ఆకు ఉండాలి, ఆకు ఉండాలంటే తిండి ఉండాలి. జపాన్‌లో పెంపకందారులు కింద ఒక కొమ్మను కావాలనే పొడుగ్గా వదిలేసి, మొదలు లావయ్యాక దాన్ని తీసేస్తారు. ఆ కొమ్మ ఉన్నన్నాళ్లూ చెట్టు అందంగా ఉండదు. ఫొటోకు పనికిరాదు. ఓర్చుకోవాలి.

జపాన్‌లో ఆవ చెక్క లాంటి నూనెగింజల పిండి, ఎముకల పొడి కలిపి బిళ్లలు చేసి కుండీ అంచున పెడతారు. మన దగ్గర గానుగ చెక్కలకు కొదవ లేదు. వేరుశనగ చెక్కలో సుమారు 7 శాతం నత్రజని ఉంటుంది, వేప చెక్కలో 5, ఆముదం చెక్కలో 4 శాతం పైచిలుకు. నేను వేరుశనగ, వేప చెక్కలు సమంగా తీసుకుని కొంచెం ఎముకల పొడి కలిపి, తడిపి, బొటనవేలి గోరంత బిళ్లలు చేసి నీడలో ఆరబెడతాను. వేరుశనగ వాసనకు ఉడుతలు, చీమలు వస్తాయి. పాత దోమతెర గుడ్డలో మూటకట్టి పెడితే కొంత నయం. ఆముదం చెక్క మంచిదే కానీ అందులో రైసిన్ అనే విషం ఉంటుంది, కుక్క నాకితే ప్రాణం మీదికి వస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. చెక్కలోని నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు విడగొట్టాకే వేరు తీసుకుంటుంది. కాబట్టి మెల్లగా అందుతుంది, వేరును కాల్చదు. ఐదారు వారాలకోసారి బిళ్లలు మారుస్తాను. ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో ఆపేస్తాను. కుండీ మార్చిన మొక్కకు ఐదారు వారాల దాకా ఏమీ పెట్టను. తెగిన వేరు దగ్గర ఉప్పు చేరితే అది నీటిని తాగలేదు సరికదా, ఉన్న నీటిని పోగొట్టుకుంటుంది.

మోటార్ల కోసం వచ్చే రైతులు నా మొక్కలు చూసి ఆప్యాయంగా చెప్పే సలహా ఒకటుంది. "అన్నా, గుప్పెడు యూరియా వెయ్యి, నిగనిగలాడుతది." వాళ్లకు చేను లెక్క అలవాటు. కుండీ లెక్క వేసి చూద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 45 కిలోల యూరియా బస్తా ఎకరానికి చల్లితే చదరపు మీటరుకు 11 గ్రాములు పడుతుంది. ఎనిమిదంగుళాల కుండీ నోరు చదరపు మీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. అంటే దాని వాటా గ్రాములో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. గుప్పెడు అంటే దానికి వంద రెట్లు. వాడిన మొక్కను చూసి కంగారుగా వేసే చారెడు ఎరువు కూడా ఇలాంటిదే. ఎరువు తిండి, మందు కాదు. జబ్బు పడిన జునిపర్‌కు ముందు నీరు, ఎండ, వేరు సంగతి చూడాలి. ఎండాకాలంలో ఆకు బూడిద రంగుకు తిరిగితే తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టండి. కాగితం మీద ఎర్రటి చుక్కలు పాకితే అది ఎర్రనల్లి. మిరప తోటలున్నవాళ్లకు నల్లి సంగతి నేను చెప్పక్కర్లేదు. పైపుతో ఆకు అడుగునుంచి గట్టిగా నీళ్లు కొట్టడం మొదటి చికిత్స.

ఇన్ని అయ్యాక, చెట్టు కొత్త చిగుళ్లు బలంగా తోశాక, తీగ.

బోన్సాయ్ దుకాణాల్లో దొరికేది గోధుమ రంగు పూత ఉన్న అల్యూమినియం తీగ. మెత్తన, చేతికి సులువు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మంచిది. కొమ్మ లావులో మూడో వంతు మందం ఉంటే పట్టు నిలుస్తుంది. రాగి తీగ అంతకన్నా సన్నంగా ఉన్నా పట్టు వదలదు. శంఖాకార చెట్ల కొమ్మలకు వెనక్కి లేచే గుణం ఎక్కువ కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లు వాటికి రాగినే వాడతారు. అయితే ఎలాంటి రాగి అన్నది ముఖ్యం. కరెంటు దుకాణంలో దొరికే గట్టి రాగి కడ్డీ పనికిరాదు. రాగిని నిప్పుల్లో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి తీస్తే మెత్తబడుతుంది. అలా మెత్తబడిన రాగి ఒకసారి వంచితే అక్కడే గట్టిపడుతుంది. కొమ్మను పట్టి ఉంచేది ఆ గట్టిదనమే. మా వైండింగ్ తీగ మెత్తబరిచే వస్తుంది, లేకపోతే మోటారు గాళ్లలో కూర్చోదు. 14 గేజ్ అంటే రెండు మిల్లీమీటర్లు, 16 అంటే 1.6, 18 అంటే 1.2, 20 అంటే 0.9. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. లేత జునిపర్‌కు నాకు ఎక్కువగా పట్టేవి ఈ నాలుగే. వైండింగ్ షాపుల్లో మిగిలిన తుంపులు అడిగితే ఇస్తారు. కాలిన మోటారులోంచి ఊడదీసిన తీగ మాత్రం తీసుకోవద్దు, మెలికలు పడి పెళుసుగా ఉంటుంది. ఇంటి వైరింగ్ తీగ మీది ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీయొద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. కత్తితో గీసి ఒలిచేయండి.

చుట్టే రోజు ముందు పూట నీళ్లు కాస్త తగ్గిస్తే కొమ్మ సాగుతుంది. ఒకే తీగతో రెండు కొమ్మలు చుట్టాలి, మధ్యలో మొదలు చుట్టూ ఒక చుట్టు పడాలి. అప్పుడు ఒక కొమ్మ రెండోదానికి ఆధారమవుతుంది. కోణం 45 డిగ్రీలు. మరీ దగ్గరగా చుడితే స్ప్రింగైపోతుంది, వంచితే ఆగదు. మరీ దూరంగా చుడితే రెండు చుట్ల మధ్య కొమ్మ విరుగుతుంది. వంచాలనుకున్న చోట వంపు బయటి వైపున తీగ ఉండాలి, అక్కడే బెరడు చిట్లేది. రెండు చేతుల బొటనవేళ్లు వంపు లోపలి వైపు ఆనించి, తీగ చుట్టిన దిశలోనే కొమ్మను కొంచెం మెలితిప్పుతూ వంచితే తీగ బిగుస్తుంది. ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. కాయిల్ చుట్టేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, మిగతావాళ్లు ముందు ఎండు పుల్ల మీద చేసి చూసుకోవాలి. చుట్టే దారిలో ఆకు తీగ కింద నలగకూడదు. ఒక్కో రెమ్మను పక్కకు తప్పించి తీగను దాటించాలి. ఒక చిన్న చెట్టుకు ఒక మధ్యాహ్నమంతా పడుతుంది.

వంచినప్పుడు కొమ్మ లోపలి పోగులు కంటికి కనిపించనంత సన్నగా చిట్లుతాయి. ఆ చిట్లినచోట కొత్త చెక్క అల్లుకుంటేనే తీగ తీసినా కొమ్మ వంచినచోట నిలుస్తుంది. ఆ అల్లికకు ఆకు చేసిన చక్కెర, వేరు తెచ్చిన నీరు కావాలి. అదే నెలలో వేరు కోసి ఉంటే వాటిని ఎక్కణ్నుంచి తెస్తుంది? ఒకే పూటలో అన్నీ చేసేవాళ్లను నేనడిగేది ఇదే.

కార్తీకంలో చుట్టాలి, ఆషాఢంలో విప్పాలి. చలికాలంలో కొమ్మ లావెక్కడం తక్కువ, తీగకు పని చేసేందుకు నెలలు దొరుకుతాయి. వానలు పడగానే చెట్టు ఉరకలేస్తుంది. జులై, ఆగస్టుల్లో తీగ ఉంచేస్తే బెరడులోకి దిగి మెలికల గాడి పడుతుంది, శంఖాకార చెట్ల మీద ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. కొమ్మ ఇంకా నిలవలేదనిపించినా విప్పేయాలి, మళ్లీ కార్తీకంలో చుట్టొచ్చు. విప్పడం అంటే తిప్పి తీయడం కాదు, ప్రతి చుట్టునూ కట్టర్‌తో తుంచి తీయాలి. రాగి ఖరీదని తిప్పి తీయబోతే ఏడాది కష్టపడి నిలిపిన కొమ్మ విరిగి చేతికొస్తుంది.

ఇదంతా చెట్టును హింసించడం కాదా అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. వేరు కోసిన ఏడాదే కొమ్మ వంచి, బంకమన్నుతో రెండంగుళాల కుండీలో పెట్టి, ఏసీ గదిలో బల్ల మీద ఉంచితే అది హింసే. ఎండ, గాలి, తిండి ఇచ్చి, తట్టుకోగలిగినంత పని మాత్రమే చేస్తే కుండీలోని చెట్టు తరాలు బతుకుతుంది. బోన్సాయ్ ఇంట్లో ఉండకూడదని వాస్తు చెప్పేవాళ్ల మాటతో కూడా నాకు తగవు లేదు. కారణం వేరైనా, జునిపర్ ఉండాల్సింది బయటే. ఉదయపు ఎండ తగలాలి, ఎండాకాలం మధ్యాహ్నాలు పచ్చ నెట్ నీడ ఉండాలి, డాబా స్లాబు వేడి తగలకుండా బల్ల మీద ఉండాలి.

మా అల్లుడిది మేరీలాండ్‌లో ఉద్యోగం కావడంతో వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్బొరీటమ్‌లో బోన్సాయ్ మ్యూజియం చూసే అవకాశం నాకు దొరికింది. ప్రవేశ రుసుము లేదు, పిల్లల దగ్గరికి ఆ వైపు వెళ్లే తల్లిదండ్రులు తప్పక చూడాలి. అక్కడ హిరోషిమాకు చెందిన యమాకి కుటుంబం ఇచ్చిన తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న చెట్టు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆ ఊళ్లోనే, వాళ్ల తోటలో గోడ చాటున ఉండి బతికింది. 1976లో జపాన్ అమెరికాకు కానుకగా ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో అది ఒకటి. బాంబును తట్టుకున్న సంగతి మ్యూజియం వాళ్లకు తెలిసింది మాత్రం 2001లో, యమాకి మనవలు వెతుక్కుంటూ వచ్చినప్పుడు. దాని ముందు నిలబడ్డవాళ్లెవరూ ఈ చెట్టుకు ఇవాళే వేరు కోసి, తీగ చుట్టి, కొత్త కుండీలో పెట్టేద్దాం అనరు. ముసలి చెట్టు మీద అందరికీ వచ్చే ఆ జంకు, మన నర్సరీ సంచిలోని మూడేళ్ల మొక్క మీద రావడం లేదు. దాని దగ్గర దాచుకున్న బలం ఇంకా తక్కువ.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. చలి అంతగా లేని ఉక్క గాలిలో జునిపర్ ఈడుస్తూ బతుకుతుంది. మీ ఇసుక నేలల్లో సరుగుడు ఉంది. తైవాన్, ఇండోనేషియాల్లో దానితో గొప్ప బోన్సాయ్‌లు చేస్తున్నారు. శంఖాకార జాతి కాకపోయినా సూది రెమ్మల అందం అంతా దానిలో ఉంది, కత్తెర తప్పులను కూడా క్షమిస్తుంది.

అమ్మేవాళ్లను నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి మొక్కకూ ఒక చీటీ కట్టండి. మొక్క పేరు, కుండీ ఎప్పుడు మార్చారు, తీగ ఎప్పుడు చుట్టారు, ఆరుబయట ఉంచాలన్న మాట, అంతే. కొన్నవాళ్లకు ఆ తేదీలు తెలిస్తే తీగ ఎప్పుడు విప్పాలో, ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క దొరుకుతుంది. జిగురు రాళ్లు ఇప్పుడే మానేయొచ్చు. ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం మిద్దె తోటలవాళ్ల కోసం దీని మీద ఒక చిన్న శిక్షణ పెడితే వేలమందికి మేలు.

వర్క్‌షాప్‌లు నడిపేవాళ్లు ఒక్క పూట తరగతిని విడతలుగా మార్చాలి. మాఘంలో పిలిచి సగం వేరు విప్పి మట్టి కుండీలోకి మార్పించండి. వానాకాలంలో పిలిచి చెక్క బిళ్లలు చేయడం, నల్లిని గుర్తుపట్టడం నేర్పండి. ఆ పై ఏడాది కార్తీకంలో తీగ చేతికివ్వండి, ఆషాఢంలో దాన్ని తుంచడానికి మళ్లీ పిలవండి. రుసుము ఎక్కువైనా ఇస్తారు. పింగాణీ కుండీని మాత్రం చివరి విడతకు మొక్కను బతికించి తెచ్చినవాళ్లకే ఇవ్వండి.